జత లేంది నీళ్లు లెవ్వు

మాకు ఈత నేర్పిన, మేం ‘ఈత కాక’ అని పిలిచే పెద్దాయన ఇక లేడని మొన్న చలికాలంలో, కరోనా మూడోసారి విరుచుకుపడినప్పుడు, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మమ్మల్ని ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఇన్నేళ్లలో మా పిల్లల్లో ఒక్కరినీ ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వని మనిషి, తాను మాత్రం ఒంటరిగా పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

కాక అంటే బాబాయే అయినా ఆయన నాకు చుట్టం కాదు. ఈ పరాయి రాష్ట్రపు బట్టల ఊళ్లో, పర్వత్ పాటియా పేటలో మా గల్లీలోనే ఉండేవాడు. మాలాగే తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాడు. ఒక ఎండాకాలం, అమ్మానాన్నలు మగ్గాల దగ్గర ఉండగా, మా గల్లీ పిల్ల ఒకతి కాలువలో మునిగిపోయింది. అందరూ తల్లిని తిట్టారు. కాక మాత్రం ఊరి చివరి సచిన్ పేట అవతల లోతు తక్కువున్న చెరువు వెతికి, ఆసామిని బతిమాలి, నడుము లోతు దగ్గర వెదుళ్లు పాతి తాడు కట్టాడు. మా వేసవి క్యాంపు అట్లా మొదలైంది. పొద్దున ఈత, ఎండెక్కాక నీడన ఆటలు, అటుకులు.

“జత లేంది నీళ్లు లెవ్వు.” ఇదే ఆయన నియమం. ఇద్దరిద్దరికి ఒకే రంగు దారం మణికట్టుకు కట్టేవాడు. బేసిగా మిగిలిన పిల్లకో పిల్లాడికో తానే జత. స్టీలు పళ్లెం మోగగానే ఎక్కడివాళ్లక్కడ ఆగి, జత చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. మొదటి రోజు కార్ఖానా నుంచి తెచ్చిన దారాలు కచ్చా రంగువి. నానేసరికి రంగులన్నీ దిగి అందరి చేతులూ ఒకే మట్టిరంగుకు తిరిగాయి. ఎవరికెవరు జతో తెలియలేదు.

“పుట్టినకాంచి దారంల బతికినోన్ని, కచ్చా రంగు ఎర్కగాలె సూడు!” అని కాక తల కొట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి దారాన్నీ బకెట్లో ఒకపూట నానబెట్టి, నీళ్లు తెల్లగా ఉంటేనే తెచ్చేవాడు.

నన్ను పంపనని అమ్మ మొండికేస్తే వాకిట్లో నిలబడి అన్నాడు: “నీళ్లకు ఆడ, మగ ఎర్కుంటదా వదినె? ముంచుడే ఎర్క.” అట్లా ఆడపిల్లల్లో మొదట దిగింది నేనే. గర్వం తలకెక్కి ఒకరోజు నా జతను వదిలేసి తాడు దాటాను. పళ్లెం మోగింది. తిరిగి చూస్తే ఆమె ఒక్కతే చెయ్యెత్తి ఏడుస్తోంది. కాక నన్ను కొట్టలేదు. అందరినీ గట్టెక్కించి నా దగ్గరికి వచ్చాడు.

“నీకు ఈత వచ్చె, మంచిదే. మరి గామె చెయ్యి ఎవలు పట్టాలె?”

ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పెద్దయ్యాక ఆయన పక్కనే నిలబడి ఈత నేర్పాను.

లాక్‌డౌన్‌లో క్యాంపు ఆగింది కానీ కాలువ ఆగలేదు. కాక మాస్కు కట్టుకుని, పళ్లెం పట్టుకుని రోజూ అక్కడే కాపలా ఉండి పిల్లలను ఇళ్లకు తరిమేవాడు. పోలీసులు ఆయన్ని తరిమితే పక్క సందులోంచి మళ్లీ వచ్చేవాడు.

ఈ వేసవికి ముందు గల్లీ పెద్దలు కూర్చుని, ఆయనే లేడు కాబట్టి క్యాంపు ఎత్తేద్దామన్నారు.

“ఏమన్నయితే ఎవలు జిమ్మేదారి? నువ్వు ఆడపిల్లవైతివి.”

“నేనే జిమ్మేదారి,” అన్నాను. “క్యాంపు బంద్ జేస్తే పోరగాండ్లు ఇంట్ల కూసుంటరా? కాల్వకు వోతరు. గప్పుడు ఎవలు జిమ్మేదారి, మీరా?”

వాళ్ల ఒప్పుదల కోసం ఆగలేదు. లేచి నేరుగా చెరువు ఆసామి దగ్గరికి పోయాను.

మొదటి రోజు నా పాత జత సలాబత్‌పురాలో చీరల దుకాణానికి సెలవు పెట్టి వచ్చింది. పిల్లలను జతలు కడితే ఒక చిన్నపిల్ల బేసిగా మిగిలింది. పళ్లెం నా పాత జతకిచ్చి గట్టు మీద నిలబెట్టాను. కాక చివరిసారి నానబెట్టి ఉంచిన ఆకుపచ్చ దారం ఆ పిల్లకు కట్టి, నేనూ కట్టుకుని దిగాను.

పళ్లెం మోగింది. చెరువంతా చేతులు లేచాయి. మా ఇద్దరివీ లేచాయి. మణికట్టు మీది దారం నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతున్నాయి, తెల్లగా.