పెట్టె అడుగున చీర

డెబ్బైల చివర్లో నేను తిరువళ్ళూరులో టైపిస్టుగా చేరేసరికి ఆఫీసులో ఆడవాళ్ళందరివీ నైలెక్సు చీరలే. ఆ జారుడు గుడ్డంటే నాకు ఒళ్ళు మంట. తిరుత్తణిలో మాది మగ్గాల ఇల్లు. మా అవ్వ పాత నూలు చీరలు కట్టుకునే రోజూ రైలెక్కేదాన్ని.

ఒకరోజు అవ్వ పెట్టె అడుగున, వేపాకుల మధ్య, మడత విప్పని వంకాయరంగు చీర కనబడింది. అడగకుండానే కట్టుకుపోయాను.

సాయంత్రం ఇంట్లోకి రాగానే మగ్గం మీద అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఇది యాడ తీసినావు?"

"నీ పెట్టెలో. ఇంత మంచి చీర ఎందుకు దాచినావు అవ్వా?"

"నేను పోయినాక నా మీద కప్పేదానికి నేసుకున్నా పాపా."

గబగబా విప్పబోతే ఆమె వద్దంది.

"ఒకరు కట్టింది పీనుగు మీద కప్పరు. నువ్వే కట్టుకో. నేను ఇంకోటి నేసుకుంటాలే."

మరుసటి వారమే తన కోసం మగ్గానికి కొత్త పడుగు ఎక్కించింది. చీర సగం కూడా కాకముందే అవ్వ పోయింది.

ఇంట్లో ఉన్న కొత్త చీరలన్నీ నూలు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారువి. అవ్వ కొడుకు, మా మామ, బజారుకు పరుగెత్తి ఒకటి తెచ్చాడు. పొట్లం విప్పింది నేనే. నైలెక్సు.

పాడె ఎత్తేదాకా అది అవ్వ మీద నుంచి జారిపోతూనే ఉంది, నేను సర్దుతూనే ఉన్నాను.