మేనమామ పట్టని ఫోటో

పోయిన మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో, కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్స్ నా చేతిలోంచి జారి స్టూడియో మెట్ల మీద పడింది. పైకి ఏమీ కాలేదు. రింగు మాత్రం తిరగడం మానేసింది. చిత్తూరులో నాది చిన్న స్టూడియో. బడిపిల్లల గుర్తింపు కార్డులు, పాస్‌పోర్టు ఫోటోలు, చెవులు కుట్టే వేడుకలు, అప్పుడప్పుడూ ఒక పెళ్లి. ఉన్నది ఒకటే డిజిటల్ కెమెరా, దానికి ఒకటే లెన్స్. ఇంకో పది రోజుల్లో తిరుచానూరులో పెళ్లి ఒకటి ఒప్పుకొని ఉన్నాను. గుంపును మొత్తంగా చూపించే వైడ్ లెన్స్ ఒకటి వెంటనే కావాలి.

కొత్తది కొనాలా, ఇంట్లో ఉన్న పాతదాన్ని వాడాలా అన్న దగ్గర నా బుర్ర ఆగిపోయింది. పాతది అంటే మా నాయనది. ఆయన ఫిల్మ్ కెమెరాకు తగిలించే ఇరవై ఎనిమిది నంబరు లెన్స్. చేతిలో పెట్టుకుంటే తూకపు రాయిలా ఉంటుంది. దాంతో ఆయన నలభై మందిని ఒకే ఫోటోలో పట్టడం చిన్నప్పుడు చూశాను. ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పాత గాజులో ఒక మెత్తదనం ఉంటుంది, కొత్తవాటికి అది రాదు అని ఒకడు. పాతవి మూలల్లో మసకేస్తాయి, ఎదురెండ తగిలితే ఫోటో తెల్లగా వెలిసిపోతుంది అని ఇంకొకడు. ఒక వీడియో చూస్తే కొత్తది కొందామనిపించేది, దాని కింద ఎవరో రాసిన నాలుగు మాటలు చదివితే పాతదే మేలనిపించేది. మూడు రోజులు ఇట్లాగే గడిచాయి.

చివరికి పాతదే అనుకున్నాను. నాయన మీద ప్రేమతో అని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. కొత్తది కొనడం తప్పించుకోవచ్చు, పైగా పాత లెన్స్‌తో పెళ్లి తీశానని తోటివాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకోవచ్చు. మిగతా సగం అది.

లెన్స్ లోపల బూజు పట్టి ఉంది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. మా ఫోటోగ్రాఫర్లందరికీ ఆయన భాయ్. నాయన కెమెరాలు కూడా ఆయన చేతుల్లోనే బాగుపడేవి. లెన్స్ ఆయనకిచ్చాను. రెండు రోజుల్లో శుభ్రం చేసి తిరిగిచ్చారు. ఇచ్చేటప్పుడు అడిగారు.

"దేనికి తగిలిస్తావప్పా దీన్ని?"

"నా డిజిటల్ కెమెరాకే భాయ్. మధ్యలో బిగించే రింగు తెప్పించినాను."

"అయితే ముందు ఒకసారి మనుషుల్ని నిలబెట్టి సూసుకో. కొత్త కెమెరాలతో లెక్క మారతాది..."

అప్పుడే నా ఫోన్ మోగింది. మాట్లాడుతూ తలాడించి, లెన్స్ సంచిలో వేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పూలకుండీని తీసి చూసుకున్నాను. పూరేకుల మీద ఈనెలు కూడా తేటగా వచ్చాయి. అంతే, చాలనుకున్నాను.

పెళ్లికూతురు వాళ్లది ఐరాల దగ్గర పల్లె, చెరకు పండించే కుటుంబం. తిరుచానూరులో వాళ్లకు దొరికిన కల్యాణమండపం చిన్నది. ముహూర్తాలు ఎక్కువ కావడంతో తర్వాతి పెళ్లివారు అప్పటికే గుమ్మం దగ్గర పెట్టెలతో నిలబడి ఉన్నారు. తలంబ్రాలు అయ్యాయి. అందరూ కలిసి ఒక ఫోటో అన్నారు పెద్దవాళ్లు. అటు ఇటు బంధువులు ముప్పై మంది పైన, రెండు వరుసల్లో నిలబడ్డారు. నేను కెమెరాలోంచి చూశాను. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్లకు ఇరువైపులా నలుగురేసి. అంతే కనబడుతున్నారు. వెనక్కి నడిచాను. ఇంకా వెనక్కి.

"ఏందప్పా అట్ల పోతాండావు? ఇంగ రెండడుగులేస్తే సాంబారు అండాలో పడతావు" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నా వీపు వంటశాల గోడకు తగిలింది. అప్పటికీ వరుస చివరలు రెండూ బయటే ఉన్నాయి.

రెండు ముక్కలుగా తీశాను. ఎడమ సగం ఒకటి, కుడి సగం ఒకటి. పెళ్లికూతురు మేనమామ, పెద్దవాళ్లకు చోటిచ్చి చివరికి జరిగిన మనిషి, వచ్చి కెమెరా తెర మీదికి వంగాడు.

"నేను యాడుండానప్పా దీంట్లో?"

"రెండోదాంట్లో ఉండారన్నా."

"రెండోదాంట్లో మా పాప ల్యా. పెండ్లికూతురే ల్యా."

నేను తెర మీద రెండు ఫోటోలూ అటూ ఇటూ తిప్పాను.

"తెల్లారి గంపలో కూసోబెట్టి మోసుకొచ్చింది ఎవురు? నేను. నడుము ఇంగా పట్టుకోనే ఉండాది. ఫోటో కాడికొచ్చేసరికి మేనమామ కాకుండా పోయినానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా వైపు పెళ్లికూతుర్ని పీటల మీదికి తెచ్చేది మేనమామే. ఆయన లేని పెళ్లి ఫోటోను ఏ ఇంట్లోనూ గోడకు తగిలించరు. తర్వాతి పెళ్లివాళ్లు లోపలికి వచ్చేశారు. మళ్లీ నిలబెట్టే వీలు లేకపోయింది.

విస్తరి ముందు కూర్చున్నాను. చెవులు ఇంకా కాలుతున్నాయి. నాయన చేతిలో నలభై మందిని పట్టిన లెన్స్ నా చేతిలో ముప్పై మందిని ఎందుకు పట్టలేదు? నాకు తట్టిన కారణం ఒక్కటే. భాయ్ లోపలి అసలు గాజు తీసేసి ఇంకేదో వేశాడు. కుడిచేయి అన్నంలో ఉండగానే ఎడమచేత్తో ఫోన్ తీశాను. చిత్తూరు, తిరుపతి ఫోటోగ్రాఫర్లమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో రాశాను. బూజు తీయమని లెన్స్ ఇస్తే గాజు మార్చేశారు, సగం కూడా కనబడటం లేదు, గుడి వెనక సందుకు ఇచ్చేవాళ్లు జాగ్రత్త అని. పేరు రాయలేదు. రాయనవసరం లేదు. ఆ సందులో ఆ పని చేసేది ఆయనొక్కరే.

పాయసం వడ్డించే లోపే జవాబులు మొదలయ్యాయి. ఆయన దగ్గర బాగుచేయించుకున్న కెమెరాతోనే పదేళ్లుగా బతుకుతున్న ఒకాయన, "నాకూ అప్పుడే అనుమానం వచ్చినాది" అని రాశాడు. అది చదివి నాకు నిమ్మళంగా అనిపించింది. తప్పు నాది కాదని పది మంది అంటుంటే తినే అన్నం కూడా రుచిగా ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే ఐరాల పోయి ఫోటో మళ్లీ తీస్తానని ఒప్పుకున్నాను. స్నేహితుణ్ణి అడిగి కొత్త తరం వైడ్ లెన్స్ తెచ్చుకున్నాను. తేలిక, చప్పుడు లేదు, ముఖాలు తనే వెతుక్కుంటుంది. ఇంటి ముందు అందరినీ నిలబెడితే, మనుషులతో పాటు కొట్టం, ట్రాక్టరు కూడా పట్టాయి. గెలిచాననుకున్నాను. మేనమామ ఈసారి కూడా చివరే నిలబడ్డాడు. తెర మీదికి వంగి చూసుకున్నాడు. అంచున ఉన్నవాళ్లను ఆ లెన్స్ పక్కకు లాగింది. సన్నటి మనిషి ముఖం గుమ్మడికాయంత వెడల్పుగా వచ్చింది.

"ముందర నన్ను తీసేసినావు. ఇప్పుడు సాగదీసినావు" అన్నాడు. "నీకూ నాకూ ఏమన్నా పాత పగుండాదా అబ్బా?"

ఆయన్ను నడుమకు తెచ్చి మళ్లీ తీశాను. ఆ ఫోటో వాళ్లకు సరిపోయింది. నాకు మాత్రం ఏదీ తేలలేదు. పాతది మనుషుల్ని వదిలేస్తుంది, కొత్తది సాగదీస్తుంది. ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

ఇంటికొచ్చి పాత లెన్స్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గాజు మార్చారని ఎట్లా రుజువు చెయ్యాలని ఆలోచన. నా భార్య బియ్యం ఏరుతూ అంది.

"ఎన్ని దినాలు దాన్నట్ల సూస్తా కూసుంటావు? మీ నాయన కెమెరా బీరువాలోనే ఉండాది కదా. దానికే తగిలించి సూడరాదా?"

నాయన కెమెరా తీసి, దుమ్ము తుడిచి, ఆ లెన్స్ బిగించి కంటికి పెట్టుకున్నాను. తలుపు, దాని పక్కన రెండు కిటికీలు, ఇటు మూల బియ్యం చేటతో నా భార్య. గది మొత్తం ఉంది. లెన్స్ విప్పి నా కెమెరాకు తగిలించాను. తలుపు, ఒక్క కిటికీ. నా భార్య లేదు. మళ్లీ నాయనదానికి. గది మొత్తం. నాలుగైదు సార్లు అట్లాగే చేశాను. అదే గాజు, అదే కుర్చీ, అదే నేను.

మెల్లగా అర్థమైంది. లెన్స్ ఎప్పుడూ వేసినంత బొమ్మే వేస్తోంది. నాయన కెమెరాలో ఆ బొమ్మ పడే ఫిల్మ్ ముక్క పెద్దది. నా కెమెరాలో ఫిల్మ్ బదులు ఉండే సెన్సార్ చిన్నది. బొమ్మ నడిమి భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది. రింగు బిగుసుకుపోయిన జూమ్ లెన్స్‌ను తీసి చూస్తే, దాని మీద పద్దెనిమిది నుంచి అంకెలు మొదలయ్యాయి. అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ మంది పడతారు, నాయనదేమో ఇరవై ఎనిమిది. ఇరవై ఏళ్లుగా ఫోటోలు తీసి బతుకుతున్నాను. మనుషులు పట్టేదాకా రింగు తిప్పడమే తప్ప, దాని మీది అంకె ఒక్కనాడూ చదవలేదు. భాయ్ అదే చెప్పబోయారు. నేను ఫోన్‌లో ఉన్నాను.

అప్పటికప్పుడు ఆ మాట గ్రూపులో రాసి ఉండాల్సింది. మూడు రోజులు రాయలేదు. నాలుగో రోజు "లెన్స్ విషయంలో చిన్న పొరపాటు జరిగింది, ఎవరూ తప్పుగా అనుకోవద్దు" అని పెట్టి, తిరుపతి బస్సెక్కాను.

భాయ్ అంగట్లో ఒక్కరే ఉన్నారు. బల్ల మీద బాగుచేయాల్సిన సామాను ఏమీ లేదు. ఎప్పుడు పోయినా ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టడానికి చోటుండేది కాదు. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన వింటూ అద్దాలు తుడుచుకున్నారు. తర్వాత తన ఫోన్ తీసి, గ్రూపులోంచి ఎవరో ఆయనకు పంపిన నా మాటలే పైకి చదివారు.

"చిన్న పొరపాటు జరిగింది. బాగుండాది. ఎవురిదప్పా పొరపాటు? దీంట్లో ల్యా."

"నాదే భాయ్."

"నాకు చెప్పేదెందుకు, నాకు తెల్దా? మొన్న ఒగాయన వచ్చి, నా లెన్స్ ఇచ్చెయ్, బాగుచెయ్యకపోయినా ఫర్వాలేదన్నాడు. నా ముందరే లైటేసి గాజు సూసుకున్నాడు. నలభై ఏండ్లు ఈ బల్ల మింద కూసున్నా. ఒగ స్క్రూ ఎవురిదీ పెట్టుకోలా. నీకు అనుమానమొస్తే ఒగ ఫోన్ చెయ్యగూడదా? మీ నాయనైతే పొద్దన్నే వచ్చి నా అంగడి ముందర నిలబడి తిట్టుంటాడు. నా మొగం ముందరే తిట్టుంటాడు."

ఆయన ముందే నిలబడి రాశాను. గాజు ఎవరూ మార్చలేదు. నా కెమెరా సెన్సార్ చిన్నదన్న సంగతి నాకు తెలియలేదు. ఆయన ముందే చెప్పబోతే నేను వినలేదు. తెలుసుకోకుండా ఆయన మీద అబద్ధం రాశాను. ఈసారి ఆయన పేరు, నా పేరు రెండూ పెట్టాను. ఆయన చదివి ఫోన్ జేబులో వేసుకున్నారు. టీ తాగుతావా అని అడగలేదు.

తప్పు అయితే పాయసం వడ్డించే లోపే ఊరంతా చేరింది. ఒప్పుకోలు చేరలేదు. చాలామంది చూశారు, ఇద్దరు దండం గుర్తు పెట్టారు, ఒకాయన ఆ పాత లెన్స్ అమ్ముతావా అని అడిగాడు. నెలకోసారి మేము కలిసే టీ అంగడికి, తర్వాతి నెల రెండు కెమెరాలూ, ఆ లెన్సూ సంచిలో వేసుకుని పోయాను. ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి చూడమన్నాను. కొందరు చూశారు. "అవునబ్బా, నిజమే" అన్నారు. అందులో ఇద్దరికి నాలాగే ఈ లెక్క తెలియదు. భాయ్ మీద తనకూ అనుమానం వచ్చిందని రాసినాయన మాత్రం టీ గ్లాసు కింద పెట్టలేదు.

"పోనీలేప్పా. పెద్దాయన బాధపడతాడని నువ్వు ఎనకేసుకొస్తాండావు. నీది మంచి మనసు" అన్నాడు.

"మంచి మనసు కాదన్నా. నాకు తెలీక రాసినా. అబద్ధం రాసినా."

"అదే కదా నేనూ చెప్పేది. వేరేవాళ్లయితే ఇట్ల తలమింద ఏసుకుంటారా?"

పక్కవాళ్లు అవునన్నట్టు నా వైపు చూశారు. నాయన కెమెరా మళ్లీ ఆయన ముందు పెట్టి, ఒకసారి కంటికి పెట్టుకుని చూడమని అడిగాను. టీ తాగేసి చూస్తానన్నాడు. నేను అక్కడే కూర్చున్నాను.