లాండ్రీ కాగితం కింద చెక్ మాటలు

రెండు వేల పన్నెండు చలికాలంలో మా లాండ్రీకి కొత్త మనిషి వచ్చింది. లాండ్రీ అంటే లండన్ శివారు హౌన్స్‌లోలో ఒక కేర్ హోమ్ అడుగున ఉండే బేస్‌మెంట్ గది. పైన నలభై మంది ముసలివాళ్ళు. కింద మూడు వాషింగ్ మెషీన్లు, రెండు డ్రయ్యర్లు, ఒక ఇస్త్రీ బల్ల, నేను. అప్పటికి నాలుగేళ్ళుగా ఒక్కదాన్నే చేస్తున్నాను. పొద్దున ఏడింటికి కిందికి దిగితే మూడున్నరకి పైకి వచ్చేదాన్ని. ఇంటికొచ్చాక జడ వేసుకుందామంటే భుజం లేచేది కాదు, మా అమ్మాయి వేసేది. ఇంకో మనిషిని ఇవ్వండని ఏడాదిగా అడిగితే ఈవిడ వచ్చింది.

చెక్ దేశం మనిషి. యాభై నాలుగేళ్ళు, నాకంటే పదేళ్ళు పెద్దది. వాళ్ళ ఊళ్ళో బడిపిల్లలకి వండిపెట్టే వంటశాలలో ముప్పై ఏళ్ళు పనిచేసిందట. బడి మూసేశారు, వంటశాలా పోయింది. ఇక్కడ నలుగురైదుగురు ఉండే ఇంట్లో ఒక గది తీసుకుంది. మూడు నెలలు చూస్తారు. ఆ తర్వాత లాండ్రీ మొత్తం తానొక్కతే నడపగలదని మా మేనేజర్‌కి నమ్మకం కుదిరితే ఉద్యోగం నిలుస్తుంది. కుదరకపోతే వెనక్కి పోవడమే. వెనక్కి అంటే ఎక్కడికి అని అడిగాను. రెండు చేతులూ తిప్పి ఖాళీగా చూపించింది. అక్కడి ఇల్లు వదిలేసుకునే వచ్చిందన్నమాట.

పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "అక్కా" అన్నాను. "బిగ్ సిస్టర్" అని అర్థం చెప్పాను. ఆవిడ రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూసుకుని, "గుడ్. యూ, హోల్కా," అంది. వాళ్ళ భాషలో పిల్లా అనట. నలభై నాలుగేళ్ళకి మళ్ళీ పిల్లనయ్యాను.

ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు లాంటిదే. నాది ఏడో తరగతి చదువు. నాకొచ్చిన ఇంగ్లీషంతా బస్సుల్లోనూ, డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ దగ్గరా, బుట్టల మీద రాసిన పేర్లలోనూ ఏరుకున్నది. 

రెండో రోజు మేనేజర్ ఒక కాగితం తీసుకుని కిందికి వచ్చింది. ఇంగ్లీషావిడ, సన్నగా ఉండేది, ఎప్పుడూ మెట్ల మీద నిలబడే మాట్లాడేది. కాగితంలో పన్నెండు గళ్ళు, గడికొక పని. మైలబట్టలున్న ఎర్ర సంచిని విప్పకుండా అలాగే మెషీన్‌లో వెయ్యడం, ఉన్ని బట్టలు విడిగా ఉతకడం, కాలర్ లోపల కుట్టిన పేరు చూసి ఎవరి బట్టలు వాళ్ళ బుట్టలో పెట్టడం, ఇలాంటివి. నేర్పినవాళ్ళు ప్రతి పనీ కళ్ళ ముందు చేయించి చూసి, ఆ గడి పక్కన సంతకం పెట్టాలి.

"ఆవిడకి అర్థం కావాలి కాబట్టి ప్రతి లైను కింద వాళ్ళ భాషలో రాసుకోమను. ఇద్దరూ కూర్చుని చెయ్యండి," అంది మేనేజర్.

పనుల పేర్లు కష్టం కాదు. టవల్ అంటే టవలే. వాటి ముందుండే మాటలే మమ్మల్ని చంపాయి. ఇన్‌స్ట్రక్ట్, డెమాన్‌స్ట్రేట్, సూపర్వైజ్, కంప్లై. అక్క దగ్గర అట్ట ఊడిపోయిన చిన్న డిక్షనరీ ఉండేది. అందులో అక్షరాలు చీమతలకాయలంత. అక్కకీ కనపడవు, నాకూ కనపడవు. అందుకని సాయంత్రం నేను మా అమ్మాయిని అడిగి తెలుసుకునేదాన్ని, మర్నాడు భోజనం వేళ ఆడి చూపించేదాన్ని. అక్క చూసి వాళ్ళ మాట రాసేది. ఆ మాటనే నేను నా నోట్‌బుక్కులో తెలుగక్షరాల్లో రాసుకునేదాన్ని.

"డెమాన్‌స్ట్రేట్ అంటే ఏందే?" అన్నాను మా అమ్మాయితో.

"షో, మమ్. జస్ట్ షో."

"మరి షో అని రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?"

"దే లైక్ లాంగ్ వర్డ్స్, మమ్. ఆస్క్ దెమ్."

మర్నాడు దుప్పటి ఒకటి మెల్లగా మడిచి చూపించాను. అక్క తలూపి 'ఉకాజత్' అని రాసింది. సూపర్వైజ్ కోసం స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకుని, మెడ చాపి మేనేజర్ లాగా చూశాను. అక్క నవ్వాపుకోలేక టీ బల్ల మీద ఒలకబోసింది. అది 'దొహ్లీజెత్'. కంప్లైకి తల వంచుకుని నిలబడి, ఊఁ ఊఁ అన్నాను. 'పొస్లౌఖత్' అని రాసి, చెవి పట్టుకుని చూపించి, వాళ్ళకి చెవితో వినడమైనా, చెప్పినమాట వినడమైనా ఒకటే మాటని చెప్పింది. మనకీ అంతేగదా అనుకుంటే ఆ పూట ఎందుకో ఒళ్ళు తేలికపడింది.

ఇన్‌స్ట్రక్ట్ దగ్గర మాత్రం చాలా రోజులు పట్టింది. ఎలా చెయ్యాలో చెప్పడం అని మా అమ్మాయి అంది. నేను వేలు చూపించి, "డూ దిస్! డూ దట్!" అని గద్దించాను. అక్క 'పొరౌచెత్' అని రాసింది. రెండు రోజుల తర్వాత ఆ మాట కొట్టేసింది. అది హుకుం చెయ్యడమట. వాళ్ళ వంటశాలలో పెద్ద వంటావిడ చేసే పని అదేనట. దాని పక్కన విడమరిచి చెప్పడం అనే ఇంకో మాట రాసి, నా వంక చూసి, "యూ? నో పొరౌచెత్. యూ నెవర్," అంది. నువ్వు ఎవరికీ హుకుం చెయ్యలేవు అని. నేను మెచ్చుకోలనుకుని నవ్వాను.

అలా ఒక్కో లైనుకి రెండ్రోజులు, మూడ్రోజులు, మొత్తం ఐదారు వారాలు పట్టింది. అక్కకి రాత కుదురుగా ఉండాలి, పక్కన గీతలు కూడా స్కేలుతో గీసేది. భోజనం అరగంట చాలేది కాదు. పైనుంచి బుట్టలు దిగుతూనే ఉండేవి. అక్క లేవబోతే, "నువ్వు రాసుకో అక్కా, నేను చేస్తాలే," అని బుట్ట నేనే లాగేదాన్ని. 

రాత లేని రోజుల్లోనూ అంతే. ఆవిడ బట్టలు తీయబోతే చేతిలోంచి లాక్కునేదాన్ని. మా ఇళ్ళల్లో పెద్దావిడ వంగి పనిచేస్తుంటే చిన్నది కూర్చుని, అలాకాదు ఇలా చెయ్యి అనడం నేనెక్కడా చూళ్ళేదు. మా అత్తగారు చీపురు పట్టుకుంటే పరిగెత్తుకెళ్ళి లాక్కునేదాన్ని, ఆవిడ వద్దువద్దంటూనే ఇచ్చేసేది. మంచి కోడలు అనిపించుకున్నది అందుకే. అక్క దగ్గరా అదే చేశాను. ఇంకో సంగతీ ఉంది, దాచడం ఎందుకు. అక్క ఒక షర్టు మడిచేలోపు నేను ఆరు మడుస్తాను. నిలబడి చూసే ఓపిక నాకు లేదు. నడుము నొప్పితో ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళ నెమ్మది ఇంకో నొప్పి.

కాగితం పూర్తయ్యాక సంతకాలకి ఇంటికి తీసుకెళ్ళాను. చెక్ మాటలతో నిండిపోయి చూడముచ్చటగా ఉంది. మా ఆయనకి చూపిస్తే, "నువ్వేందే, చెక్ దేశానికి మంత్రివా?" అన్నాడు. మా అమ్మాయి మాత్రం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది. 

"మమ్, హాజ్ షి యాక్చువల్లీ డన్ దీజ్?"

"అన్నీ ఆవిడకి వచ్చులే. ఎన్నిసార్లు చెప్పుకున్నామో నీకేం తెలుసు."

"నో, బట్ ఇట్ సేస్ యూ వాచ్డ్ హర్ డూ ఇట్."

"రెండూ ఒకటేలే," అని పన్నెండు గళ్ళకీ పన్నెండు సంతకాలు పెట్టేశాను. నా సంతకం నాకు ముద్దు, వంకర లేకుండా పెడతాను.

మూడో నెల మధ్యలో ఒక మంగళవారం మేనేజర్ మెట్లన్నీ దిగి లోపలికే వచ్చింది. చేతిలో ఆ కాగితం. నన్ను గోడ పక్కన నిలబడమంది, నోరు విప్పొద్దంది. అక్కని ఒక్కొక్కటే అడిగింది. ఎర్ర సంచిని ఏం చెయ్యాలి? "నో ఓపెన్. హాట్ వాష్." ఉన్ని బట్టలు? "కోల్డ్. నో మిక్స్." అన్నిటికీ టకటకా చెప్పింది. నేను గోడ దగ్గర పొంగిపోతున్నాను.

"గుడ్. ఇప్పుడు చేసి చూపించు," అంది మేనేజర్.

అక్క ఎర్ర సంచి ఎత్తుకుని మూడు మెషీన్ల ముందు నిలబడింది. ఏ మెషీన్‌లో వెయ్యాలో తెలియలేదు. ఒకటి తీసింది, మూసింది. బటన్ల మీద వేలు తిప్పింది, ఒక్కటీ నొక్కలేదు. మెల్లగా తల తిప్పి నా చేతుల వంక చూసింది. రోజూ ఆ క్షణానికి నా చెయ్యి ముందుకొస్తుంది కదా, దానికోసమే చూస్తోంది.

మేనేజర్ కాగితం నాకు చూపించింది. "పన్నెండూ ఈవిడ నీ ముందు చేసినట్టు సంతకం పెట్టావు. చేసిందా?"

చేసింది అంటే నేను బయటపడతాను. బాగానే నేర్పాను, ఆవిడకే తలకెక్కలేదు అని అర్థం, అక్క ఆ సాయంత్రమే సంచి సర్దుకోవాలి. చెయ్యలేదంటే నా సంతకాలు పన్నెండూ అబద్ధం. అక్క ఎర్ర సంచి ఇంకా గుండెకి పట్టుకునే ఉంది, దింపడం మర్చిపోయింది.

"నో," అన్నాను. "షి డిడ్ నాట్ డూ. ఐ డూ. ఆల్ డే ఐ డూ. షి రైట్, ఐ డూ."

మేనేజర్ కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది. నాకు వార్నింగ్ లెటర్ ఇస్తానంది, ఫైల్లో ఉంటుందంది. అక్కకి ఇంకో రెండు వారాలు. "ఆ రెండు వారాలూ నీ చేతులు మెషీన్లకి తగలకూడదు," అని నాతో అని మెట్లెక్కింది.

ఆవిడ వెళ్ళాక అక్క సంచి దింపి, నా ముందుకొచ్చి నిలబడి, కోపంగా చెక్‌లో ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఇంగ్లీషులో అంది. "వై యూ టేక్? ఎవ్రీ డే, వై యూ టేక్?" ఎందుకు లాక్కున్నావ్ అని. 

పెద్దదానివి కదా అని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాల్లేదు. "సారీ అక్కా," అన్నాను. 

"ఐ కుక్ ఫర్ హండ్రెడ్ చిల్డ్రన్," అంది అక్క. వంద మంది పిల్లలకి వండినదాన్ని, నేనేమైనా చంటిదాన్నా అని.

ఆ రెండు వారాలు నా ఒంటికి పడ్డ శ్రమ నాలుగేళ్ళలో పడలేదు. పని చెయ్యకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు. చేతులు ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని పిడికిళ్ళు బిగించేదాన్ని. అక్క నెమ్మదిగా ఒక్కో బటనూ నొక్కేది. తప్పు బటన్ దగ్గరికి వేలు వెళ్తుంటే నా నోట్లోంచి అరుపు వచ్చేది, "నో, అక్కా! సెకండ్! సెకండ్!" ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "యెస్, బాస్," అనేది, అందులో ఎంత కోపమో అంత వెటకారం. మూడో రోజు పైనుండే పెద్దాయన ఉన్ని స్వెట్టర్ వేణ్ణీళ్ళలో పడి బొమ్మకి తొడిగేంత అయింది. ఆపగలిగేదాన్నే, మెషీన్ తలుపు మూసేదాకా చూశాను, ఆపలేదు. నేనే పైకెళ్ళి ఆయన దగ్గర నిలబడి క్షమాపణ చెప్పాను. ఆయన స్వెట్టర్ చూసి, తన మనవరాలికి పనికొస్తుందేమో అన్నాడు. అక్క మళ్ళీ ఉన్ని బట్టల విషయంలో పొరపాటు చెయ్యలేదు.

పైకి బట్టలు ఆలస్యంగా వస్తున్నాయని ముసలివాళ్ళని చూసుకునే కేరర్లు గొణిగారు. నేను కూర్చుని ఉండటం చూసి, "నైస్ ఫర్ సమ్," కొందరికి భలే హాయి, అని ఒకమ్మాయి అంటించి పోయింది. ఇంటికొస్తే మా అమ్మాయి జడ వేస్తూ, "టుడే డిడ్ యూ టచ్ ఎనీథింగ్?" అని అడిగేది. ఒక తువ్వాలు, అంటే, "మమ్!" అని జడ లాగేది.

రెండు వారాలయ్యాక మేనేజర్ వచ్చి పొద్దుణ్ణుంచి భోజనం దాకా కూర్చుంది. నన్ను ఆ రోజు పైన డైనింగ్ హాల్లో ప్లేట్లు తియ్యమన్నారు. ప్లేట్లు తీస్తున్నా నా చెవులు కిందే ఉన్నాయి, మెషీన్ తిరుగుతున్న చప్పుడు నేలలోంచి వినపడుతోంది. ఆగితే గుండె ఆగేది, మళ్ళీ మొదలైతే ప్లేటు ఎత్తేదాన్ని. ఒంటిగంటకి అక్క మెట్లెక్కి వచ్చి, హాలు గుమ్మంలో నిలబడి, మొహం మీది చెమట చేత్తో తుడుచుకుని ఒక్కసారి తలూపింది. నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయాను.

ఆ శుక్రవారమే ఎవరికి ఏ రోజు డ్యూటీయో రాసిన కొత్త రోటా గోడకి అంటించారు. సోమ, మంగళ, బుధ ఆవిడ. గురు, శుక్ర, శని నేను. ఇద్దరూ ఒంటరిగా చెయ్యగలిగినప్పుడు ఇద్దరినీ ఒక్క రోజున పెట్టడం దేనికని మేనేజర్ అడిగింది. దేనికని చెప్పను? మా ఇద్దరి అరగంట భోజనం గురించి రోటాలో గడి ఉండదు. అక్క ఆ కాగితం ముందు నిలబడి వేలితో రోజులు లెక్కపెట్టి, నా వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, సోమవారానికి సబ్బు పొడి ఉందో లేదో చూడటానికి వెళ్ళింది.

తర్వాత గురువారం నేను దిగేసరికి లాండ్రీ శుభ్రంగా ఉంది. అరల్లో తువ్వాళ్ళు దొంతరగా ఉన్నాయి, మూడు మడతలు. నేనెప్పుడూ రెండే మడతలు వేస్తాను. ఆవిడ వాళ్ళ వంటశాలలో ఎలా వేసేదో అలా వేసుకుందేమో. ఒకటి తీసి విప్పబోయాను. పైనుంచి అప్పటికే రెండు బుట్టలు దిగి ఉన్నాయి, ఇంకా నాలుగు రావాలి. తువ్వాలు తిరిగి దాని మడతల్లోనే పెట్టి, ఆ దొంతరని అలాగే ట్రాలీలోకి ఎక్కించాను.