పదికి పది వేసి కృష్ణగిరి బస్సెక్కాను

ఇంటి ముందు కారు పెట్టుకుని బస్సు కోసం పరిగెత్తడం ఎంత చిరాకో పడినవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు పొద్దున ఆరున్నరకు హోసూరు పక్కన మూకండపల్లిలో మా గేటు తీసి, గుడ్డ కప్పుకొని నిలబడిన నా కారు పక్క నుంచి ఒదిగి ఒదిగి బయటికి వచ్చాను. చంకలో ఫైలు. ఫైలు నిండా ఆ కారు గురించి నేను వేసిన కేసు కాగితాలే. ఎదురింటాయన పళ్లు తోముకుంటూ, "ఏమప్పా మునిరాజూ, కారు పెట్టుకొని బస్సుకు పోతా ఉండావా?" అన్నాడు. రోజూ అడిగేదే. కారు నడిస్తే కోర్టుకెందుకు పోతానని గొంతు దాకా వచ్చింది. పొద్దున్నే గొడవెందుకని నవ్వేసి నడిచాను.

నేను ఇక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. మెషిన్ల నుంచి వచ్చే ప్రతి ముక్కనూ గేజితో కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర డబ్బాలో పడేయడం నా పని. మా వాళ్లది జవళగిరి. గొర్రెలు కాచుకుని బతికిన ఇంట్లో కారు కొన్న మొదటివాణ్ణి నేనే. కొన్న రోజు ఊరంతా తిప్పి చూపించాను. మూడో నెలలో ఆ కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఇంజను ఆగుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది, పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. నాలుగు సార్లు వర్క్‌షాపుకు తీసుకుపోయాను. నాలుగు సార్లూ "లోపం కనపడలేదు" అని కాగితం చేతిలో పెట్టారు. ఆఖరిసారి అక్కడి మేనేజరు, "ఈసారి ఆగినప్పుడు వీడియో తీసి పంపండి సార్" అన్నాడు. హైవే మీద వెనక లారీ హారన్ కొడుతుంటే వీడియో తీసేంత తాపీ మనిషిని కాదు నేను. ఆ తర్వాత అది మళ్లీ ఆగిపోయినప్పుడు కేసు వేయాలని తీర్మానించుకున్నాను.

నాలాగా కృష్ణగిరి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సిన వాళ్లు ఎవరైనా ఉంటే, నాలుగు ముక్కలు చెబుతాను. హోసూరు నుంచి కృష్ణగిరికి రైలు లేదు. బస్సులకు మాత్రం కరువు లేదు. ఏడు గంటల లోపల ఎక్కితే సీటు దొరుకుతుంది, తర్వాత ఫ్యాక్టరీ జనంతో కలిసి నిలబడాలి. గంటన్నర చేతిలో పెట్టుకోవాలి. టికెట్టు యాభై లోపే. లాయరు లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కాగితాలన్నీ మూడేసి జెరాక్సులు తీసుకుపోండి, లేకపోతే అక్కడ జెరాక్సు షాపు ముందు క్యూలో నిలబడి మీ పేరు పిలిచినప్పుడు లోపల ఉండరు.

నేను ఏడుంపావుకు ఎక్కాను. అప్పటికే బస్సు నిండింది. నిలబడి కడ్డీ పట్టుకున్నాక ముందు సీట్లో కూర్చున్న ఆడమనిషి తల తిప్పింది. చూసి ఇద్దరమూ తెల్లబోయాం. ఆమె సుజాత. నా కారు తీసుకుపోయిన వర్క్‌షాపులో సర్వీస్ అడ్వైజరు, అంటే బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకుని, తిరిగి తాళం ఇచ్చేదాకా మనతో మాట్లాడే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. మదనపల్లె నుంచి వచ్చి పదేళ్లుగా హోసూరులో ఉంటోంది. ఒంటి మీద కంపెనీ నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, ఒళ్లో నా ఫైలు కంటే లావు ఫైలు.

"నువ్వూ ఆడికేనా అన్నా?" అంది. "మా లాయరు సర్వీసు ఫైలు తెమ్మన్నాడు. అందుకే వచ్చినాను."

కోపం రావాలి. రాలేదు. ఆ వర్క్‌షాపులో నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతే. కాఫీ ఇప్పించేది, ఆలస్యమైతే తనే ఫోన్ చేసి చెప్పేది. కారు తిరిగిచ్చిన ప్రతిసారీ గొంతు తగ్గించి ఒకే మాట అడిగేది: "రేపు కంపెనీ నుంచి ఫోన్ వస్తాది అన్నా. సర్వీసుకు పదికి ఎన్ని మార్కులని అడుగుతారు. పది చెప్పన్నా. తొమ్మిది చెప్పినా మాకు సున్నా కిందే లెక్క." నేను నాలుగు సార్లూ పది చెప్పాను. ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి ఒప్పుకోని వాణ్ణి, ఫోన్లో మాత్రం పోనీలే పాపం అనుకున్నాను. మన దగ్గర చాలామంది ఇంతే చేస్తారని నా నమ్మకం. పని చేసినవాళ్ల ముఖం చూసి మార్కు వేస్తాం, వస్తువును చూసి కాదు.

షూలగిరిలో రోజా పూల గంపతో ఒకామె దిగింది. సుజాత జరిగి నాకు చోటిచ్చింది. బస్సు ఊరు దాటి కొండ పక్కకు వచ్చేసరికి కిటికీ బయటికి చెయ్యి చూపించాను.

"ఈడేనమ్మా" అన్నాను. "నాలుగోసారి నువ్వు తాళం ఇచ్చినాక, ఆ ఆదివారం ఈడే ఆగిపోయింది. వెనక లారీవాడు బ్రేకేసి పక్కకు తిప్పినాడు కాబట్టి బతికి ఉండాము."

"బండిలో నువ్వొక్కడివేనా?"

"నా పెండ్లాం మంజుల, పిల్లలిద్దరూ. ఆ గుంత పక్కన పిల్లల్ని పట్టుకొని నిలబడి ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ కారులో కాలు పెట్టలే."

సుజాత కిటికీలోంచి వెనక్కి తిరిగి ఆ చోటును చూసింది. కురుబరపల్లి దాటాక ఆమే నోరు విప్పింది.

"అన్నా, లోపలికి పోయే ముందర నీకు తెలిసుండాలని చెప్తా ఉండాను. ఈ ఫైల్లో పైన పెట్టిందేమిటో తెలుసునా? నువ్విచ్చిన నాలుగు పదులు. నీకు మా సర్వీసు బాగా నచ్చిందని చూపించేదానికి."

 నేను పోయిన నెలంతా ఏ కాగితానికి ఏ కాగితం జవాబో నేర్చుకున్నాను. ఈ పదులు మాత్రం గుర్తే లేవు. ఎందుకిచ్చావని అడిగితే నిజం చెప్పాలి. ఈమె అడిగింది కాబట్టి ఇచ్చానని చెప్పాలి. చెబితే కేసు నిలబడుతుంది, ఈమె ఉద్యోగం పోతుంది. ఆమె భర్తకు ఆరు నెలలుగా పని లేదని నాకు తెలుసు. చెప్పకపోతే నా ఇంటి ముందు ఆ కారు అలాగే గుడ్డ కప్పుకొని ఉంటుంది, లేదా మోసం చేసి మరొకరికి అమ్మాలి. "నన్నేమి చెప్పమంటావు?" అని అడిగాను. "నీ ఇష్టం అన్నా. నేను అడిగేదేమీ లేదు" అంది.

ఎనిమిదీ నలభైకి కృష్ణగిరిలో దిగాం. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాను, రుచి తెలియలేదు. ఆటో అతనికి కన్స్యూమర్ కోర్టు అంటే చాలు, దించేస్తాడు. పదిన్నరకు మొదలైంది. ఫ్రిజ్ కేసు, బీమా కేసు, కుట్టు మిషన్ కేసు అయ్యాక పన్నెండుంపావుకు నా పేరు పిలిచారు. మాటలన్నీ తమిళంలో జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

కమిషన్ అధ్యక్షురాలు కళ్లద్దాల మనిషి, ఓపికగా వింటుంది. నేను చెప్పాల్సింది చెప్పాను. తర్వాత కంపెనీ లాయరు లేచి, నాలుగు కాగితాలు వరసగా చదివాడు. పది, పది, పది, పది. "ఈ ఫిర్యాదుదారుడు సామాన్యుడు కాడు మేడమ్. ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. మార్కు వేయడమంటే ఏమిటో ఈయనకు మనందరి కంటే బాగా తెలుసు" అన్నాడు. హాల్లో ఎవరో నవ్వారు. 

"ఎందుకిచ్చారు? ఇవ్వమని ఎవరైనా అడిగారా?" అని అధ్యక్షురాలు నన్ను అడిగింది.

సుజాత వైపు చూశాను. ఆమె ఫైలు వైపు చూస్తోంది. "ఎవరూ అడగలేదమ్మా" అన్నాను. "ఆ అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదకు ఇచ్చాను. కారు ఎలా ఉందని ఫోన్లో ఎవరూ అడగలేదు."

అందులో సగం నిజమే ఉంది. మిగతా సగం మింగేశాను. లాయరు "అంతే మేడమ్" అని కూర్చున్నాడు. మంజులకు ఏ మొహంతో చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను.

సర్వీసు ఫైలు ఇమ్మన్నారు. సుజాత వెళ్లి బల్ల మీద పెట్టింది. పెట్టి వెనక్కి రాలేదు.

"మేడమ్, ఒక మాట చెప్పాలి. పది ఇవ్వమని అడిగింది నేనే. ఈయన్నే కాదు, ప్రతివాళ్లనీ అడుగుతాను. తొమ్మిది వస్తే మర్నాడు పొద్దున మీటింగులో అందరి ముందూ నిలబెడతారు. ఇంకోటి. మూడోసారి ఈ కారు వచ్చినప్పుడు టెస్టు డ్రైవుకు నేనే తీసుకుపోయాను. నా చేతిలోనే ఆగిపోయింది. బండి రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో రాశాను. ఈయనకిచ్చిన కాగితంలో లోపం లేదని వచ్చింది. నేను రాసింది ఈ ఫైల్లోనే ఉంది, అడుగు నుంచి రెండోది."

లాయరు లేచాడు. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపి, అడుగు నుంచి రెండో కాగితం తీసి చదివింది. రెండుసార్లు చదివింది. కారును బయటి నిపుణుడు పరీక్షించాలని, ఈ రెండు కాగితాలకూ తేడా ఎందుకొచ్చిందో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలని ఉత్తర్వు ఇచ్చి, కేసు వచ్చే నెలకు పెట్టింది. గెలిచానని చెప్పలేను. కానీ నా మాట ఒకరు నమ్మడం ఏడాదిలో అదే మొదటిసారి. సంతోషం రావాలి కదా, సిగ్గొచ్చింది. నేను చెప్పాల్సిన నిజాన్ని, చెబితే అందరికంటే ఎక్కువ నష్టపోయే మనిషి చెప్పింది.

బస్టాండు దగ్గర మీల్స్ తిన్నాం. బలవంతం చేస్తే ఆమె వచ్చింది గానీ అన్నం కెలికి వదిలేసింది. మూడు గంటల హోసూరు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దొరికింది. కిటికీ పక్క ఆమె, మధ్యలో నేను, ఈ చివర కావేరిపట్టణం నుంచి కూతురింటికి పోతున్న మామిడి తోట రైతు ఒకాయన. తెల్ల పంచె, ఒళ్లో పళ్ల సంచి.

ఊరి పొలిమేర దాటకముందే సుజాత ఫోన్ మోగింది. "సరే సార్... సరే సార్" అని రెండు మాటలే అని పెట్టేసింది. "రేపట్నుంచి రావద్దంట. చొక్కాలు, ఐడీ కార్డు ఇచ్చి పొమ్మన్నారు."

"నా వల్ల కదా" అన్నాను.  "ఎవరూ అడగలేదని నేను చెప్పినాక నువ్వు ఊరికే ఉండొచ్చు కదమ్మా."

"యాడ ఊరికే ఉండేది అన్నా? నాలుగోసారి ఆ కారు కడిగించి నీ చేతికి తాళమిచ్చింది నేనే. ఆగిపోతాదని తెలిసే ఇచ్చినాను. నువ్వు పిల్లల మాట చెప్పినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతా ఉంది." కళ్లు తుడుచుకుంది. "ఇంకో షోరూంలో చూసుకుంటాలే. నాకు పని తెలుసు."

ఆ ధైర్యం నాకోసం తెచ్చిపెట్టుకుందని తెలుస్తూనే ఉంది. ఈ ప్రయాణంలో నాకు అర్థమైంది ఒక్కటే. వస్తువు చెడ్డదైనందుకు కొన్నవాడూ, దాన్ని చేత పట్టుకుని నవ్వుతూ అమ్మాల్సినవాళ్లూ ఒకరి ముందు ఒకరు నిలబడి మొహమాటపడుతుంటాం. దాన్ని తయారు చేసినవాడు ఆ హాల్లో లేనే లేడు. నేను జాలిపడి వేసిన మార్కులు ఆమెను ఒక్క రోజు కూడా కాపాడలేదు.

పక్కాయన ఇదంతా వింటున్నాడు. టోల్ గేటు దాటాక ఆపుకోలేక వంగి, "ఏ కారమ్మా అది?" అని సుజాతను అడిగాడు. ఆమె పేరు చెప్పింది.

పెద్దాయన మొహం మారిపోయింది. "అదే కదమ్మా నేను బుక్ చేసింది! వచ్చే వారం ఇస్తామన్నారు. షోరూంలో గోడ మీద ఇంత పెద్దగా రాసినారు, కొన్నోళ్లు పదికి పది ఇచ్చినారని. అది చూసే కదా నేను డబ్బు కట్టింది."

"వద్దు పెద్దాయనా" అంది సుజాత. గొంతులో తడబాటు లేదు. "బుకింగు రద్దు చేసుకో. రోడ్డు మీద ఆగిపోతాది."

ఆయన ఆమె నీలం చొక్కా చూశాడు, మెడలో కార్డు చూశాడు. "నువ్వు ఆ కంపెనీ మనిషివే కదమ్మా?"

"పొద్దున దాకా" అంది.

ఆయన నా వైపు తిరిగాడు, ఇది నిజమేనా అన్నట్టు. "ఆ గోడ మీది పదుల్లో నాలుగు నావి పెద్దాయనా" అన్నాను. "అబద్ధం మార్కులు." షూలగిరి వచ్చేలోపు, కమిషన్ హాల్లో మింగేసిన మిగతా సగమంతా ఆయనకు చెప్పేశాను.