నమలొద్దన్న మాత్ర

సరిహద్దు పోస్టుకు మధ్యాహ్నం రెండింటికి చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై కింద. వీపున ముప్పై కిలోల మూట. హవల్దారు ఆర్డరు ఒక్కటే: రాత్రి కాపలా, పగలు నిద్ర. కాపలా ఆ రాత్రే మొదలైంది. నిద్ర మాత్రం రెండు నెలలు దాటినా డ్యూటీలో చేరలేదు.

మా మెడిక్‌ది జాలరిపేట. నాది అదే ఊళ్ళో గోపాలపట్నం. అంత మంచులో ఆ చుట్టరికం చాలు, బావా అనుకోవడానికి. ఒకనాడు పొట్లంలో తెల్లటి మాత్ర తెచ్చాడు.

"స్ట్రాంగు మందు బావా. నమలకు. నీళ్ళతో మింగీ."

"నమిలితే ఏటవుద్ది?"

"నాకేటి తెల్సు? నమిలినోడెవుడూ లేసి సెప్పనేదు."

ఆ రోజు నుంచి రోజుకొకటి మింగి నెల్లాళ్ళు మొద్దులా పడుకున్నాను. హవల్దారు బూటుతో తడితే గానీ లేచేవాణ్ణి కాదు.

ఒక పొద్దున సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. స్టవ్వు వెలిగించే ఓపిక లేక నమిలేశాను. పులుపు, తీపి, నారింజ వాసన. మంచు మీద ఉమ్మితే నారింజ రంగు. బంకర్లో అందరికీ పంచే విటమిన్ బిళ్ళ! నా వాటాకే గ్లూకోజు పొడి అద్ది తెల్లగా చేసి ఇస్తున్నాడు.

సాయంత్రానికి మా శ్రీకాకుళం రేడియో ఆపరేటరు పక్క పోస్టుకు అందించాడు: "మావోడు ఇటమిన్ బిళ్ళకి గురక పెట్టీసేడంట. ఓవర్."

నవ్వితే నవ్వారు. కానీ ఆ రోజుతో నిద్ర మళ్ళీ పోయింది. నిద్ర ఇచ్చి లాక్కున్న బావని వదలకూడదనుకున్నాను.

కొలువు ముగిసి ఇద్దరం ఇంటికొచ్చాం. వారం తిరక్కుండా వాడి ఫోను.

"బావా, కన్ను మూతపడ్డం నేదు. ఏటి సెయ్యమంటావ్?"

దేవుడున్నాడు. విటమిన్ బిళ్ళ కొన్నాను. గ్లూకోజు పొడి అద్దాను. జాలరిపేట వెళ్ళి, పెద్ద డాక్టరు రాసిన మందన్నాను.

"నమలకు బావా. మింగీ."

వాడు అటు తిరిగి నోట్లో వేసుకున్నాడు. పడవ నీడలో ఒరిగాడు. లేపి, పేట మొత్తం ముందు సంగతి చెప్పి, ఆ మొహాన్ని వీడియో తీసి పాత ప్లటూను గ్రూపులో పెట్టాలని నా పథకం. ఫోను తీశాను. చేపల తట్ట దించుతూ వాడి భార్య గొంతు తగ్గించింది.

"లేపకండన్నయ్యా. వారమై కునుకు నేదు."

వంగి చూశాను. నోరు తెరిచి గురక. నాలుక నారింజ రంగు.

నమిలాడు. ఏ బిళ్ళో తెలిసే నమిలాడు. తెలిసి కూడా పడుకున్నాడు.

నేను తెలిసే రోజూ నములుతున్నాను. నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, ఆ నారింజ నాలుక.