కొన్న ధర

ఆ వీధిలో ఎవరి ఫోన్‌లోనైనా షేర్ల ధరలు చూసే యాప్ ఉందంటే, అది కళ్ళజోళ్ళ షాపాయన పెట్టించిందే. అద్దం అరగదీస్తూనే ఉపన్యాసం మొదలెట్టేవాడు. "అదొద్దండీ, ధర పావుగంట ఆలస్యంగా చూపిస్తుంది. ఇంకోటుంది గానీ అన్నీ ప్రకటనలే. ఇదిగో, ఇది పెట్టుకోండి, కళ్ళకి హాయి." అందరూ యాప్‌ల బాబాయి అని పిలిచేవారు. ఆ పిలుపు వింటే చాలు, మనిషి ఎలా పొంగిపోయేవాడో ఏం చెప్పమంటారు!

అసలు సంగతి వేరు. నాలుగేళ్ల కిందట వాళ్ళక్క, బట్టలు కుట్టి దాచుకున్న డబ్బంతా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నాకివన్నీ తెలీవురా, నువ్వే చూడు" అంది. ఈయనగారు నూట ఎనభై చొప్పున ఒకే కంపెనీ షేర్లు కొనిపడేశాడు. ఆర్నెల్లు తిరక్కుండానే ధర జారడం మొదలైంది. యాప్ తెరిస్తే ఎర్ర అంకె. చూడలేక దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాడు. ఎంతకి కొన్నారు అని అడిగింది కొత్త యాప్. ఆ రోజు ధర నూట అరవై. ఆయన వేలు కాస్తయినా ఆగిందా? నూట అరవై అనే కొట్టాడు. నష్టం సున్నా! హమ్మయ్య అనుకున్నాడు, సిగ్గులేని మనిషి.

అలా ఐదుసార్లు మార్చాడు. ఏది మంచిదో తేల్చడానికే ఇన్ని తంటాలు పడుతున్నాడనుకునేవారు జనం. చివరి యాప్‌లో కొన్న ధర తొంభై, ఇవాళ్టి ధర తొంభై అయిదు. అంతా ఆకుపచ్చే. అక్క అడిగినప్పుడల్లా దూరం నుంచి ఆ రంగు చూపించేవాడు. "లాభమే కదా, చాల్లే" అని ఆవిడ తన పనిలో పడిపోయేది.

మొన్న మధ్యాహ్నం అక్క షాపుకొచ్చింది, చంకలో కొలతల పుస్తకంతో. తను కుట్టుపని చేసుకునే గదిని ఓనరు అమ్మేస్తున్నాడట. కొంటుందో లేదో సాయంత్రంలోగా చెప్పాలి. లేదంటే మిషను ఎత్తుకుని బయటికి నడవాల్సిందే.

"షేర్లు అమ్మితే సరిపోతాయి కదరా? పెట్టినదానికి పైనే ఉందన్నావుగా" అంటూ ఫోన్ అందుకుంది. పుస్తకం ఆఖరి పేజీ తీసి పక్కన పెట్టుకుంది.

"ఇందులో తొంభై అనుంది. నువ్వు కొన్నరోజు నేను నూట ఎనభై అని రాసుకున్నానే!" కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా కళ్ళే చెడ్డాయి. ఒకటి రాయబోయి ఇంకోటి రాసుంటాను. నువ్వెందుకు తప్పు కొడతావు? నా కళ్ళజోడు నంబరు ఓసారి చూడు."

తల కొట్టేసినట్టయింది ఆయనకి. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. ఆ పిరికిమనిషి అప్పుడైనా నోరు విప్పాడా? అబ్బే. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చాడు. ఆవిడ గోడమీది అక్షరాలన్నీ, అట్టడుగు వరస దాకా, తడుముకోకుండా చదివేసింది. అదీ తన పాత నంబరుతోనే.

"సరిగ్గానే చదివానా?"

"సరిగ్గానే చదివావక్కా." చేతిలో అద్దం కింద పెట్టాడు. "నువ్వు రాసుకున్నదే నిజం. ధర పడినప్పుడల్లా యాప్ మార్చి, కొన్న ధర మార్చేశాను. దాదాపు సగం పోయింది."

అక్క ఫ్రేము తీసి బల్లమీద పెట్టింది.

"ఎన్నిసార్లు?"

"ఐదు."

పుస్తకం ఆయన ముందుకి తోసింది. "ఎవరి ఒళ్ళు ఎంత మారినా నేను పాత కొలత కొట్టెయ్యను, కిందే కొత్తది రాస్తాను. రాయి. ఐదూ రాయి."

సిగ్గుతో చచ్చిపోతూ నూట ఎనభై కింద నూట అరవై వేశాడు. మూడో అంకె రాస్తుండగా పక్కనే అక్క ఫోన్‌లో మాట్లాడుతోంది.

"గది నాకొద్దండీ. మిషను ఎప్పటికల్లా తీసెయ్యమంటారు?"