బుడాన్ చూడని సరుకు

ఫుట్‌బాల్‌లో ఓనమాలు రాని మనిషి మా టీము మంచిచెడ్డలు చెప్పడమేమిటని మొదట్లో నాకు ఒళ్ళు మండేది. కాలేజీలో ఆటలు నేర్పే పీడీని నేను. బుడాన్ గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టు తరఫున కాయ చూసే మనిషి. రైతు తెచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి, రంగెలా ఉంది, తేమెంత, పనికిరాని తాలుకాయ ఎంత కలిసింది అని చెప్పడం అతని పని.

భార్య జోహరాబీ పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. నల్లపాడు స్టేషను దగ్గర ఒక్క గది. ఆ గదికి పెందలాడే వెళ్ళడం ఇష్టం లేక, రోజూ సాయంత్రం మా గ్రౌండుకొచ్చి గోల్‌పోస్టు వెనక తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. బట్టల నిండా మిరప ఘాటు. పక్కకి వెళ్తే చాలు తుమ్ములు. అందుకే ఎవరూ వెళ్ళేవారు కాదు, ఒక్క యలమంద తప్ప.

యలమందది ప్రత్తిపాడు. బీఏ చదువుతూ మా టీములో బ్యాక్ ఆడేవాడు. ప్రాక్టీసు కాగానే తుమ్ముకుంటూనే పోయి తువ్వాలు మీద కూలబడేవాడు.

"బాబాయ్, ఇయాల ఎట్టా ఆడా?"

"నీ మొహంలా ఆడావు. బంతి మీదకొచ్చేదాకా నిద్రపోతన్నావేందిరా?"

ఇద్దరూ నవ్వుకుంటూ గేటు దాకా నడిచి, చెరో బజ్జీ తిని విడిపోయేవారు. "ఆడు రాని రోజు గదికెళ్ళి రేడియో పెట్టుకుంటాను సార్. ఏం చెబుతున్నారో పట్టదు. మనిషి గొంతు ఇనపడతది, అంతే," అన్నాడొకసారి బుడాన్. నేను ఊఁ అని వచ్చేశాను. ఆ మాటకి ఇంకేమైనా అనాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

తొంభై తొమ్మిదిలో మా కాలేజీ మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. సెమీఫైనల్లో చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచాం. నాకు నిద్రలేదు. చివరికి సిగ్గు చంపుకుని బుడాన్‌నే అడిగాను.

"ఏమయ్యా, రెండేళ్ళుగా చూస్తున్నావు. మా టీము ఎలా ఉంది?"

"ఆట మొదట్లో చూసేదేముంది సార్? మంచి కాయ పైనే పోస్తారు ఎవరైనా. మేం బస్తా అడుక్కి చెయ్యి పెడతాం. మీవోళ్ళనీ ఆఖరు పావుగంటే చూడాలి."

ఇక మొదలుపెట్టాడు. ముందాడే ఇద్దరూ నిగనిగలాడతారు గానీ ఒకడికొకడు బంతి ఇచ్చుకోరు. గోల్‌కీపర్ చేతులు బంగారం, నోరే లేదు, వెనకనుంచి కేకెయ్యాల్సినవాడు మూగనోము పడితే ఎట్టా? మధ్యలో ఆడే పొట్టివాడు మాత్రం పైనుంచి అడుగు దాకా ఒకటే కాయ. ఓరి దేవుడా, ఒక్కటీ తప్పు లేదు! డిప్లొమా ఉన్న నాకు కనపడనివన్నీ అతనికి కనపడ్డాయి. గబగబా రాసుకున్నాను.

"మరి యలమంద?"

బుడాన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆడి సంగతి ఇంకోళ్ళని అడగండి సార్. మావాళ్ళ సరుకు నేను చూడను."

ఆ కొట్టులో పాతవాళ్ళ పద్ధతి అది. అయినవాళ్ళ సరుకొస్తే పక్కకి జరిగి ఇంకొకణ్ణి పిలుస్తారు. మంచిదంటే కొనేవాడు నమ్మడు, చెడ్డదంటే ఆ ఇంటి గడప తొక్కలేరు. కాయ ఎలాంటిదైనా సరే, చెయ్యి పెట్టరు. ఈ సంగతి బుడానే నాకు ఎప్పుడో చెప్పాడు. అయినా నా దిక్కుమాలిన తెలివికి అలా తోచలేదు. బాగుంటే బాగుందనేవాడు కదా, అనలేదంటే లోపం ఉన్నట్టే అనుకున్నాను. ఫైనల్‌కి యలమందని పక్కన కూర్చోబెట్టాను.

వాడు కళ్ళనీళ్ళతో వచ్చి ఎందుకు సార్ అన్నాడు. నా తప్పు నా మీద పడకూడదని, "బుడాన్‌ని అడిగానురా. నీ గురించి మంచిమాట చెప్పడానికి నోరు రాలేదతనికి," అన్నాను.

ఓడిపోయాం. మా మీద రెండు గోల్సూ యలమంద ఉండాల్సిన వైపునుంచే పడ్డాయి. వాడు మళ్ళీ గ్రౌండు మొహం చూడలేదు. "మావాడు రావట్లేదేం సార్?" అని బుడాన్ అడిగితే పరీక్షలన్నాను. తర్వాత చదువైపోయిందన్నాను. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. తువ్వాలు మాత్రం ఇద్దరికి సరిపడా పరిచేవాడు. ఎనిమిదేళ్ళు ఒక్కడే కూర్చున్నాడు. నేను ఎనిమిదేళ్ళూ అటు చూడకుండా విజిల్ ఊదుకుంటూ తిరిగాను.

రెండువేల ఏడులో ఇంటికి కారం కాయలు కొందామని యార్డు వైపు వెళ్తే, టీకొట్టు దగ్గర యలమంద కనపడ్డాడు. పత్తి మానేసి ఆ ఏడే మిరప వేశాడట. బస్తాలు బుడాన్ ఉండే కొట్టుకే తెచ్చాడట. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ ముసలాయనకి నేనంటే ఇంకా చులకనే సార్. పేరు చెప్పగానే ఎగాదిగా చూశాడు. నా బస్తా మీద చెయ్యి కూడా ఎయ్యలా. పీరూ, నువ్వు చూడరా అని ఇంకొకణ్ణి పిలిచి పక్కకి పోయాడు. నేనంత తాలుకాయనా?"

ఇంక దాచలేక అంతా చెప్పేశాను. వాడు నన్ను తిట్టినా బాగుండేది. "ఎనిమిదేళ్ళు సార్," అని మాత్రం అని, గ్లాసు అక్కడే పెట్టి కొట్టులోకి నడిచాడు. వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగిపోయాను.

బుడాన్ బస్తాల మధ్య కూర్చుని నీళ్ళు కారే కళ్ళు తుడుచుకుంటున్నాడు. యలమందని చూసి, "పీరు చూస్తన్నాడు నాయనా, రంగు బాగా కట్టిందంట," అన్నాడు.

"నువ్వు చూడవా బాబాయ్?"

"మావాళ్ళ సరుకు నేను చూడనురా."

యలమంద కింద, అతని పక్కనే కూలబడ్డాడు. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. "చూడమాక బాబాయ్," అన్నాడు, "ఎప్పటికీ చూడమాక."

బుడాన్ తలెత్తి గుమ్మంలో నన్ను చూశాడు. "అక్కడే నిలబడ్డారేం సార్? లోపలికి రండి," అన్నాడు. నేను గుమ్మం దాటలేకపోయాను.